పాఠంలో పెద్ద పదం రాగానే దాటేస్తున్నాను

ప్రశ్న: పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక టీచరు గారు ఆరు పేజీల ఉత్తరం పంపారు. సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడది ప్రకాశం జిల్లా, వయసు 46. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివింది తెలుగు మీడియంలోనే. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి 18 ఏళ్లయింది. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతారు, బాగా చెబుతారని పేరు కూడా ఉంది. బడి ఇంగ్లీషు మీడియంలోకి మారాక తంటా మొదలైంది. మామూలు వాక్యాలు చదవగలరు, అర్థం చెప్పగలరు. ఫోటోసింథసిస్, పెరిస్టాల్సిస్, ట్రాన్స్‌పిరేషన్ లాంటివి రాగానే గొంతు పట్టేస్తుంది. అందుకని ముందురోజు రాత్రి ప్రతి పెద్ద పదం కింద పెన్సిలుతో తెలుగులో రాసుకుంటారు. పిల్లల కంట పడకూడదని పొద్దున క్లాసుకు వెళ్లేముందు రబ్బరుతో చెరిపేస్తారు. చెరిపాక మళ్లీ మర్చిపోతారు.

స్టాఫ్ రూములో ఒకసారి 'ఫోటోసింథసిస్' అన్నప్పుడు కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మాస్టారు నవ్వి, "మేడమ్, అన్ని అక్షరాల మీదా ఒకేలా సుత్తి దెబ్బ వేస్తున్నారు" అన్నారట. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు ఫోన్లో "అమ్మా, ఫోటోగ్రఫీ కాదు, ఫటాగ్రఫీ" అని సరిదిద్దింది. ఫోటో అన్నప్పుడు 'ఫో' ఉంది కదా, ఇక్కడెందుకు లేదని అడిగితే "అదంతే" అంది. అప్పటి నుంచి టీచరు గారు పెద్ద పదం వస్తే "ఈ ప్రక్రియ" అని దాటేస్తున్నారు. పోయిన నెల పదో తరగతిలో ఒక అబ్బాయి లేచి "టీచర్, ఆ పదం వదిలేశారు" అన్నాడు. "కూర్చో, ఎక్కువ మాట్లాడకు" అన్నారీవిడ. ఆ రోజు నుంచి వాడు క్లాసులో నోరు విప్పడం లేదు. ఉత్తరంలో రెండు పేజీలు ఈ అబ్బాయి గురించే.

ఇంకా అడిగినవి: 15,000 రూపాయలు కట్టి మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేరాలా? తెలుగు సెక్షన్లున్న బడికి బదిలీ పెట్టుకోవాలా? కూతురు కొనిచ్చిన డిక్షనరీలో పదాల మధ్య చుక్కలు దేనికి? చివర్లో చిన్న అక్షరాలతో మరో మాట. పిల్లలు బోర్డు మీద 45 అక్షరాల ఇంగ్లీషు పదం ఒకటి రాసి "చదవండి టీచర్" అన్నారట. వణుకు వచ్చిందని రాశారు.

సమాధానం:

టీచరు గారూ,

"కిరణజన్య సంయోగక్రియ అయితే నిద్రలో లేపి అడిగినా చెబుతాను" అని ఫోటోసింథసిస్ తెలుగు పేరు గురించి మీరు రాసిన వాక్యం దగ్గర ఆగి వేళ్ల మీద లెక్కపెట్టాను. పది అక్షరాలు. అందులో ఒక న్య, ఒక క్రి. ఫోటోసింథసిస్‌లో నోటికి తగిలే ముక్కలు ఐదే. పదింటిని నిద్రలో పలికే మనిషికి ఐదింటి దగ్గర నోరు తిరగకపోవడం ఏమిటి? మీ నోటికి ఏ లోపమూ లేదు. ఆ పదాన్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊనాలో మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లలో నాబోటి ఇంగ్లీషు లెక్చరర్లు కూడా ఉన్నారు కాబట్టి సగం తప్పు మాది.

ఉత్తరం చదివితే మీరు ఒకే పదాన్ని ఒకేసారి మూడు రకాలుగా కోస్తున్నట్టు అనిపించింది. ఒకటి అర్థం కోసం కోసే కోత, ఒకటి పలకడానికి కోసేది, మూడోది ఆ డిక్షనరీ చుక్కలది. ఇవి ఒకే చోట పడవు.

అర్థం కోతలో మీరు ఇంగ్లీషు మాస్టారి కంటే ముందుంటారు. ఫోటో అంటే గ్రీకులో వెలుగు, సిన్ అంటే కలిపి, థెసిస్ అంటే ఉంచడం. వెలుగుతో కలిపి పెట్టడం. మన పదంలోనూ కిరణం ముందుంది, ఆ 'సిన్' చేసే పనే 'సంయోగ'లోని 'సం' చేస్తోంది. క్లోరోఫిల్ చూడండి. క్లోరో ఆకుపచ్చ, ఫిల్ ఆకు. మనవాళ్లు తిరగేసి పత్రహరితం అన్నారు. మీరు ఇన్నేళ్లుగా తెలుగులో చెప్పిన సగం పదాలు ఇలా లోపల విడగొట్టి కట్టినవే. ఈ ముక్కలు తెలిస్తే పదం భయపెట్టడం మానేస్తుంది.

కాకపోతే నోరు ఆ అర్థాన్ని పట్టించుకోదు. హెలికాప్టర్‌లో అసలు ముక్కలు హెలికో, ప్టర్. సుడి తిరిగేది ఒకటి, రెక్క మరొకటి. నోరు మాత్రం హె-లి-కాప్-టర్ అని తనకు వీలైన చోట విరుచుకుంటుంది. రెక్కలోని మొదటి అక్షరం వెళ్లి ముందు ముక్కకు అతుక్కుంది. హాంబర్గర్ కథ ఇంకా తమాషా. హాంబర్గ్ అనే జర్మనీ ఊరి పేరు చివర 'అర్' చేరిన మాట అది. జనం దాన్ని హామ్, బర్గర్ అని విరుచుకుని, ఆ తోకతో చీజ్ బర్గర్ అన్నారు. ఇప్పుడు ఒంగోలులో కూడా వెజ్ బర్గర్ దొరుకుతోంది.

నోటి కోత మీకు కొత్తేమీ కాదు. పదో తరగతిలో గురులఘువులు గుర్తించారు కదా. 'కష్టం' అన్న మాటలో 'క' పొట్టిదే అయినా గురువు ఎందుకైంది? తర్వాతది సంయుక్తాక్షరం కాబట్టి అని బట్టీపట్టాం. అసలు సంగతి, రాసేటప్పుడు క-ష్టం అయినా పలికేటప్పుడు కష్-టం అవుతుంది. ఆ 'ష్' వచ్చి 'క'కు ఆనుకోవడంతో దానికి బరువొచ్చింది. మన ఛందస్సు రాతను చూడలేదు, చెవితో విన్నది. ఇంగ్లీషు సిలబుల్ కూడా అలాంటి చెవి లెక్కే. ఒక అచ్చు శబ్దం చుట్టూ చేరిన ముక్క. స్పెల్లింగులో ఎన్ని అచ్చులున్నాయని కాదు, నోట్లో ఎన్ని వినిపించాయన్నదే లెక్క. వెన్స్‌డేకి స్పెల్లింగు బారెడు, ముక్కలు రెండే.

డిక్షనరీ చుక్కల సంగతి తేలిక. అచ్చుపనిలో వరుస చివర చోటు చాలక పదం విరిగితే గీత ఎక్కడ పెట్టాలో చెప్పడానికి పుట్టినవి అవి. అందులోనూ ఏకాభిప్రాయం లేదు. నాలెడ్జ్ అన్న మాటను అమెరికా వాళ్లు పలుకుబడిని బట్టి 'ఎల్' అక్షరం తర్వాత విరుస్తారు, బ్రిటన్ పాత పద్ధతి పదం పుట్టుకను బట్టి 'డబ్ల్యూ' తర్వాత విరుస్తుంది. కాబట్టి చుక్కలు చూసి పలకకండి. పక్కనే బ్రాకెట్లోనో, గీతల మధ్యనో ఉచ్చారణ ఉంటుంది. అందులో చిన్న నిలువు గీత ఒకటి పైకి కనిపిస్తుంది. ఆ గీత తర్వాత వచ్చే ముక్క మీద ఊనాలి. మీకు కావాల్సింది ఆ గీతే.

ఇలా ఒక ముక్క మీద బలంగా ఊనడాన్నే స్ట్రెస్ అంటారు. మీకు దాని వల్లే టెన్షన్ వస్తోంది కాబట్టి పేరు బాగానే కుదిరింది.

మీ అమ్మాయి "అదంతే" అంది కానీ అదేం అంతే కాదు. ఫోటోగ్రాఫ్‌లో బలం మొదటి ముక్క మీద. ఫోటోగ్రఫీ అనగానే రెండో దాని మీదకు జరుగుతుంది, ఫ-టా-గ్ర-ఫి. ఫోటోగ్రాఫిక్ అంటే మూడో దాని మీద. పదం తల మారలేదు, తోక మారింది. ఇంగ్లీషులో చాలా పొడుగు పదాలకు బలం ఎక్కడ పడాలో తోకే చెబుతుంది. తల నుంచి చదవడం మొదలుపెడితే తడబడతాం. ముందు తోక చూడాలి.

మీ పాఠంలోని మాటలే తీసుకుందాం. 'షన్'తో ముగిసేవి: రెస్పిరేషన్, ట్రాన్స్‌పిరేషన్, ఎక్స్‌క్రీషన్, జర్మినేషన్, రీప్రొడక్షన్. వీటన్నిటికీ షన్‌కు సరిగ్గా ముందున్న ముక్క మీదే బలం. రే, రే, క్రీ, నే, డక్. ఒక్క సూత్రంతో శ్వాసక్రియ, బాష్పోత్సేకం, విసర్జన, అంకురణ, ప్రత్యుత్పత్తి అయిపోయాయి. 'ఇక్'తో ముగిసే జెనెటిక్, ఆర్గానిక్, అక్వాటిక్‌లకూ అంతే, ఇక్‌కు ముందు. 'ఇటీ'తో ముగిసే ఇమ్యూనిటీ, యాసిడిటీ, హ్యుమిడిటీలకూ దాని ముందే. బయాలజీ, ఎకాలజీ, జువాలజీలలో 'లజీ'కి ముందు. ఫోటోసింథసిస్‌కు సిన్ మీద. ఎనాలిసిస్, పెరాలిసిస్‌లలోనూ చివరి నుంచి మూడో ముక్కే. అయితే ఆస్మోసిస్, మైటోసిస్, డయాగ్నోసిస్ లాంటి 'ఓసిస్' మాటల్లో ఆ 'ఓ' మీదే పడుతుంది. మెటమార్ఫసిస్ మళ్లీ మాట వినదు, 'మార్' మీద ఊనుతారు. ఇలాంటి మొండివాళ్లు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు ఉంటారని మీకు తెలిసిందే.

కొన్ని తోకలు బలాన్ని కదపవు. 'మెంట్', 'నెస్', 'ఫుల్', 'లెస్' చేరినా ఊనిక ఉన్నచోటే ఉంటుంది. డెవలప్‌కు బలం 'వె' మీద, డెవలప్‌మెంట్‌కూ అక్కడే. మనలో నూటికి తొంభై మంది 'డె' మీద గుద్దుతాం, నేనూ చాలా ఏళ్లు గుద్దాను. ఎన్విరాన్‌మెంట్‌లో 'వై' మీద. ఒక్కోసారి అర్థాన్ని బట్టి కూడా బలం జరుగుతుంది. మీ ల్యాబ్ రికార్డు నోటుబుక్కు అయితే బలం మొదట్లో, పాటను రికార్డు చేయడం అయితే చివర.

ఇక మీ పెన్సిలు రాతలో ఏం జరుగుతోందో చెబుతాను. మన గురువు, వాళ్ల ఊనిక ఒకటి కావు. మనకు గురువుంటే పక్కనున్న లఘువు చిన్నబోదు, దాని ఒక మాత్ర దానికి దక్కుతుంది. ఇంగ్లీషులో ఒకదాని మీద ఊనితే మిగతావి నలిగిపోతాయి. వాటి అచ్చు 'అ'కూ 'ఎ'కూ మధ్య ఎటూ కాని చప్పుడుగా మిగులుతుంది. ఫటాగ్రఫీలో మొదటి 'ఓ' అలా నలిగి 'ఫ'లాగా వినిపించింది. మీరు తెలుగులో 'ఫోటోగ్రఫీ' అని రాసుకోగానే తెలుగు లిపి ప్రతి అచ్చుకూ నిండు జీతం ఇచ్చేస్తుంది. ఆ మాస్టారికి సుత్తి దెబ్బల్లా వినిపించింది అదే. మనం కూడా మాట్లాడేటప్పుడు 'ఏమిటి'ని 'ఏంటి' చేస్తాం, మధ్య అచ్చును మింగేస్తాం. వాళ్లు కంఫర్టబుల్, వెజిటబుల్‌లలో చేసేదీ అదే. పెన్సిలుతో రాసుకోండి, తప్పులేదు. కానీ బలమున్న ముక్క కింద ఒక గీత గీయండి, మిగతావి వీలైనంత పొట్టిగా రాయండి. 'ఫోటోసింథసిస్' అని కాకుండా 'ఫోటో-సిన్-థసిస్' అని రాసి, 'సిన్' కింద గీత. చెరపవద్దు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇప్పుడు మీరేం చేయొచ్చు అన్నది.

ఉన్నది ఉన్నట్టు వదిలేయడం ఒక దారి. నేను దీన్ని తీసిపారేయను. పదో తరగతి పరీక్షలో ఉచ్చారణకు మార్కుల్లేవు, మీ పిల్లలకు మీ మాట అర్థమవుతోంది. భారతీయుల ఇంగ్లీషు భారతీయుల్లాగే ఉంటుంది, ఉండాలి కూడా. అయితే హైదరాబాదులో ఇప్పుడు ఇఫ్లూ అంటున్న సంస్థ ఒకటుంది, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది, మా రోజుల్లో సీఫెల్ అనేవాళ్లం. అక్కడి ఆర్.కె. బన్సల్ మన ఇంగ్లీషు బయటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతోందని పరిశీలించి 1969లో ప్రచురించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో ఊనిక తప్పుచోట పడటం ఒకటి. యాస అలాగే ఉండనివ్వండి, బలం మాత్రం చోటు తప్పకూడదు. పైగా మీరు తప్పుగా పలకడం లేదు, అసలు పలకడమే మానేశారు. పిల్లలకు నష్టం అక్కడుంది. తప్పుగా విన్న పదాన్ని రేపు ఇంటర్‌లో దిద్దుకుంటారు, విననే వినని పదం పేపర్లో మొదటిసారి ఎదురవుతుంది.

కోర్సు సంగతి. ఆ డబ్బు మీకు భారమో కాదో నాకు తెలియదు. ఇలాంటి కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది పరిచయాలు, ఇంటర్వ్యూలు, ఫోన్ సంభాషణలు. నలుగురిలో ఇంగ్లీషులో నోరు తెరవడానికే బెరుకైతే పనికొస్తుంది. మీ ఉత్తరంలో ఆ బెరుకు కనిపించలేదు, భయం పదాల దగ్గరే ఉంది. కట్టేముందు ఒక్క మాట అడగండి: "మా బయాలజీ పుస్తకం తెచ్చుకోవచ్చా?" తెచ్చుకోవచ్చంటే ఆలోచించండి. సిలబస్ మాదే అంటే ఆ డబ్బు దాచుకోండి.

సొంతంగా చేసుకునేది ఇంకోటి. ఒక్క పాఠం తీసుకుని అందులోని పొడుగు పదాలు ఇరవై ఏరండి. అక్షరక్రమంలో కాదు, తోకల ప్రకారం నోటుబుక్కులో రాయండి. షన్ పేజీ, ఇక్ పేజీ, ఓసిస్ పేజీ. ఫోన్లో ఏ ఉచిత డిక్షనరీ తెరిచినా స్పీకర్ బొమ్మ నొక్కితే వినిపిస్తుంది. విని, బల్ల మీద వేలితో కొట్టండి, బలమున్న చోట గట్టిగా. ఇల్లంతా పడుకున్నాక పది నిమిషాలు చాలు. ఇందులో ఇబ్బంది ఏమిటంటే ఒంటరి పని, వారం దాటాక బద్ధకం వస్తుంది. ఇంకో చికాకు, స్పీకర్ బొమ్మలు రెండుంటాయి. లాబొరేటరీని బ్రిటన్ వాళ్లు 'బొ' మీద ఊనుతారు, అమెరికా వాళ్లు 'లా' మీద. కాపిలరీ కూడా అంతే, ఒకరు 'పి' మీద, ఒకరు 'కా' మీద. రెండూ సరైనవే. ఒకటి ఎంచుకుని రెండో బొమ్మ జోలికి పోకండి. ఎవరైనా తప్పు పడితే "అది అమెరికా పద్ధతండీ" అనండి, చాలా వరకు ఊరుకుంటారు.

బదిలీ మాట. ఇంటికి దగ్గరనో, ఇంకేదో కారణంతోనో అయితే అది వేరు. ఈ పదాల కోసమే అయితే, వెళ్లిన చోటికీ రేపో మాపో ఇంగ్లీషు మీడియం వస్తుంది. అప్పుడు ఇదే పెన్సిలు, ఇదే రబ్బరు. పెట్టుకోవద్దని అనను, నిర్ణయం ఆరు నెలలు వాయిదా వేయొచ్చు కదా అంటున్నాను.

ఆ మాస్టారు నవ్వడం బాగాలేదు. కానీ అన్న మాట కరెక్టు, అదే మనకు మింగుడు పడనిది. ఆయనతో మాట్లాడటానికి రెండు పద్ధతులున్నాయి. "నలుగురిలో అలా అనకండి, పక్కకు పిలిచి చెప్పండి" అని సూటిగా అనొచ్చు. కొన్నాళ్లు మొహం మాడ్చుకుంటారు, తర్వాత సర్దుకుంటారు. లేదా మీ ఇరవై పదాల కాగితం ఆయన చేతిలో పెట్టి "బలమున్న చోట గీతలు పెట్టివ్వండి సార్" అనొచ్చు. వయసులో చిన్నవాడి ముందు అలా చేయి చాచడానికి మనసు ఒప్పుకోకపోతే వద్దు. ఒప్పుకుంటే మాత్రం రెండో రోజు నుంచి ఆయన నవ్వలేరు, ఆ కాగితంలో ఆయన చేయి కూడా ఉంది మరి. నాకో అనుమానం, మైటోకాండ్రియా దగ్గర ఆయన కూడా డిక్షనరీ చూస్తారు.

ఇక ఆ అబ్బాయి. వాడు మిమ్మల్ని ఎగతాళి చేయలేదు, పాఠం వింటున్నాడు కాబట్టి పదం పోయిందని పట్టుకున్నాడు. నలభై మందిలో అలా వినేవాడు ఒక్కడు దొరికితే గొప్ప. ఏమీ అనకుండా మామూలుగా ఉండిపోతే రెండు నెలల్లో వాడు మర్చిపోవచ్చు, మర్చిపోకపోనూ వచ్చు. పక్కకు పిలిచి "ఆ రోజు నువ్వు చెప్పింది నిజమే, నాకా పదం పలకడం రాక దాటేశాను" అంటే వాడి మౌనం పోతుంది. ఆ మాట బయట పాకితే "టీచరుకు రాదంట" అని ఒకరిద్దరు తల్లిదండ్రులు అనుకోవచ్చు. ఆ ప్రమాదం ఉంది, దాచను.

మూడోది కూడా ఉంది, మీ స్వభావానికి సరిపోతేనే. పెన్సిలు రాతలు చెరపకుండా పుస్తకం తెరిచి, పదాన్ని బోర్డు మీద రాసి, క్లాసంతా కలిసి చప్పట్లతో విరవండి. ఫో, టో, సిన్, థ, సిస్. ఐదు చప్పట్లు, మూడోది గట్టిగా. కింద ముక్కల అర్థం, పక్కన కిరణజన్య సంయోగక్రియ. మొదటి రోజు గోల గోలగా ఉంటుంది, పక్క క్లాసు మాస్టారు తలుపు దగ్గరికి వచ్చి చూసినా చూస్తారు. బోర్డు దగ్గర రాసే పని ఆ అబ్బాయికి ఇవ్వండి. క్షమాపణ నోటితో చెప్పలేకపోతే ఇలా కూడా చెప్పొచ్చు.

45 అక్షరాల పదం దగ్గరికి వస్తున్నాను. న్యూమనో-అల్ట్రా-మైక్రోస్కోపిక్-సిలికో-వాల్కేనో-కోనియోసిస్. ముక్కలుగా చూడండి, మీరే చదివేస్తారు: ఊపిరితిత్తి, మించి, సూక్ష్మదర్శినికి అందే, సిలికా, అగ్నిపర్వతం, దుమ్ము జబ్బు. చివర 'ఓసిస్' ఉంది కాబట్టి ప్రధాన బలం ఆ 'ఓ' మీద. ఇంగ్లీషులో అందరికంటే పొడుగు పదం ఉండాలని అమెరికాలో పజిల్స్ సరదా ఉన్నవాళ్లు 1935లో పనిగట్టుకుని కట్టిన మాట ఇది. ఏ డాక్టరూ చీటీ మీద ఇది రాయడు. సిలికా దుమ్ము పీల్చినవాళ్లకు వచ్చే ఆ జబ్బును వాళ్లు సిలికోసిస్ అంటారు. సి-లి-కో-సిస్, నాలుగు ముక్కలు, బలం 'కో' మీద.

మీ జిల్లాలో చీమకుర్తి గ్రానైటు క్వారీలున్నాయి. మీ బెంచీల మీద కూర్చునే పిల్లల్లో కొందరి నాన్నలు రాయి కోసే పనికి వెళ్తుంటారు. పొడుగుది బోర్డు మీద రాసినవాణ్నే పిలిచి, దాని కింద ఈ నాలుగు ముక్కలదీ రాయించి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏమవుతుందో ఆ రోజు పాఠం చెప్పండి.